కట్టింది ఎవరు?

గత నెల "ఊరు" అనే మాట గురించి రాశాను. మీ తాతల ఊళ్ళ పేర్లు రాసి పంపిన వారందరికీ ధన్యవాదాలు. తప్పులు దిద్ది తిరిగి పంపుతున్నాను. ఎర్ర సిరా చూసి భయపడకండి. నా కాగితాల మీద మా మాస్టారు అంతకంటే ఎక్కువ ఎర్ర సిరా పోసేవారు.

ఈ నెల మాట చాలా చిన్నది: "కట్టు".

ఇది మీలో చాలామందికి తెలుసు. అమ్మ చీర కట్టుకుంటుంది. పండగ రోజు గుమ్మానికి మామిడాకుల తోరణం కడతాం. పెళ్ళిలో తాళి కడతారు. కాలికి దెబ్బ తగిలితే గుడ్డతో కట్టు కడతారు. తాతగారు ఇల్లు కట్టారు. నాన్నగారు కరెంటు బిల్లు కడతారు, పన్ను కడతారు. వీటన్నిటికీ తెలుగులో ఒకే మాట. ఇంగ్లీషులో అయితే నాలుగైదు వేరు వేరు మాటలు కావాలి.

గుడి హాల్లో నేను తెలుగు నేర్చుకునే రోజుల్లో మా మాస్టారు నల్లబల్ల మీద "వాళ్ళు కట్టారు" అని రాసేవారు. తర్వాత మా వైపు తిరిగి, "ఏమి కట్టారు?" అని అడిగేవారు. ఒకడు ఇల్లు అనేవాడు, ఒకతె పూలదండ అనేది. "వాక్యం సగమే వినకండి. ఏమి కట్టారో, ఎవరు కట్టారో తెలిసేదాకా ఆగండి" అనేవారు మాస్టారు. అప్పుడు అది వ్యాకరణం పాఠం అనుకున్నాను. ఇప్పుడు నాకు యాభై దాటాయి. అది వ్యాకరణం పాఠం మాత్రమే కాదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఈ మాట ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను. మొన్న ఆదివారం క్లాసులో పద్నాలుగేళ్ళ అమ్మాయి ఒకతె చెయ్యి ఎత్తింది. "టీచర్, మధ్యతరగతి అంటే ఎన్నో తరగతి? ఆరోదా, ఏడోదా?" అందరం నవ్వాం. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. అమెరికా అధ్యక్ష ఎన్నికల గురించి ఒక తెలుగు వార్త చూసిందట. అందులో ప్రతి వాక్యంలోనూ "మధ్యతరగతి" అని వచ్చిందట. ఓట్ల కోసం బడి పిల్లల గురించి ఎందుకు మాట్లాడుతున్నారా అని ఆమె అనుమానం.

మంచి అనుమానమే. తెలుగులో "తరగతి" అంటే బడిలో క్లాసు. డబ్బును బట్టి, పనిని బట్టి మనుషులను వేరు చేసినప్పుడు కూడా తరగతి అంటాం. మధ్యతరగతి అంటే మరీ ధనవంతులూ కాదు, మరీ పేదలూ కాదు, ఆ మధ్యలో ఉన్నవారు. ఇంకో మాట కూడా ఉంది: "వర్గం". ఇది మీకు మొదటి పాఠం నుంచే తెలుసు. క ఖ గ ఘ ఙ: ఇది క వర్గం. చ ఛ జ ఝ ఞ: ఇది చ వర్గం. ఒక చోట పుట్టిన అక్షరాలన్నీ ఒక వర్గం. మనుషుల విషయంలో కూడా ధనిక వర్గం, కార్మిక వర్గం అంటారు. అయితే ఒక్క వర్గం అక్షరాలతోనే మాట్లాడాలని చూడండి. రెండు నిమిషాలు కూడా మాట్లాడలేరు.

మన దేశంలో అధ్యక్షుణ్ణి మనం నేరుగా ఎన్నుకోం. మనం పార్టీకి ఓటు వేస్తాం, పార్లమెంటు సభ్యులు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. అమెరికాలో ఒక్కో అభ్యర్థి పేరు మీద దేశమంతా ప్రచారం జరుగుతుంది. అందుకే అక్కడ అభ్యర్థి నోట్లోంచి వచ్చే ప్రతి మాటనూ అందరూ పట్టుకుంటారు. ఆ అమ్మాయికి జవాబు చెప్పడానికి నేను 2012 ఎన్నికలను తీసుకున్నాను. ఒకవైపు అధ్యక్షుడు బరాక్ ఒబామా. ఇంకోవైపు మిట్ రోమ్నీ. రోమ్నీ గతంలో మసాచుసెట్స్ రాష్ట్ర గవర్నరు. అంతకు ముందు పెట్టుబడుల వ్యాపారంలో చాలా డబ్బు సంపాదించినవాడు.

ఆ ఎన్నికలను నేను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆ ఏడాది గొడవంతా మన "కట్టు" అనే మాట చుట్టూ తిరిగింది. వాళ్ళకు ఆ సంగతి తెలియదు, ఎందుకంటే ఇంగ్లీషులో ఆ మాటలు వేరు. తెలుగులో చెప్పుకుంటే వెంటనే కనిపిస్తుంది. ఎవరు కట్టారు, అంటే నిర్మించారు? ఎవరు కట్టారు, అంటే పన్ను చెల్లించారు?

ముందు నేపథ్యం. 2008లో అమెరికాలో బ్యాంకులు కూలాయి. చాలామందికి ఉద్యోగాలు పోయాయి, ఇళ్ళు పోయాయి. 2011 సెప్టెంబరు 17న కొందరు న్యూయార్కులో డబ్బు వ్యాపారానికి కేంద్రమైన వాల్ స్ట్రీట్ దగ్గర ఒక చిన్న పార్కులో కూర్చున్నారు. తాము 99 శాతం మందిమని, దేశం సంపద మిగిలిన ఒక్క శాతం చేతిలో ఉందని వాళ్ళ నినాదం. ఒబామా ఆ ఏడాది నుంచే కోటీశ్వరులు తమ గుమాస్తాల కంటే తక్కువ రేటుతో పన్ను కట్టకూడదని చెబుతూ వచ్చాడు. ఆ బిల్లుకు 2012 ఏప్రిల్‌లో సెనేట్‌లో 51 ఓట్లు వచ్చాయి. ముందుకు వెళ్ళడానికి 60 కావాలి. అక్కడే ఆగిపోయింది. ఒబామా వర్గ పోరాటం రెచ్చగొడుతున్నాడని రిపబ్లికన్ పార్టీ వారు అన్నారు. చూశారా, మన క వర్గం, చ వర్గం అక్కడికి చేరుకున్నాయి.

ఇప్పుడు మొదటి "కట్టు". 2012 జూలైలో వర్జీనియా రాష్ట్రంలో రోనోక్ అనే ఊళ్ళో ఒబామా మాట్లాడాడు. మీరు జీవితంలో పైకి వచ్చి ఉంటే ఎవరో ఒకరు సాయం చేసి ఉంటారు, ఎక్కడో ఒక మంచి టీచరు ఉండి ఉంటారు, ఎవరో రోడ్లు, వంతెనలు వేసి ఉంటారు అని చెప్పాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత, మీకు వ్యాపారం ఉంటే, అది మీరు కట్టింది కాదు అనే అర్థం వచ్చేలా ఒక వాక్యం అన్నాడు.

అమ్మాయిలూ, అబ్బాయిలూ, "అది" అనే మాటను గౌరవించండి. ఆ వాక్యంలో "అది" అంటే ఏది? ముందు చెప్పిన రోడ్లా, వంతెనలా? లేక వ్యాపారమా? రోడ్లు అని ఒబామా వైపు వారు చెప్పారు. వ్యాపారం అని ఎదుటివారు చెప్పారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి దుకాణం తెరిచే మనిషికి ఆ వాక్యం ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. మా నాన్నగారికి చిన్న కూరగాయల బండి ఉండేది. ఆయన విని ఉంటే కోపం తెచ్చుకునేవారనే నా నమ్మకం. ఆయన కోపంలో న్యాయం ఉండేది. రోనోక్ ప్రసంగంలోనూ న్యాయం ఉంది. ఆ బండి నడిచింది మునిసిపాలిటీ రోడ్డు మీదే కదా.

ఆ ఏడాది ఆగస్టులో రిపబ్లికన్ పార్టీ మహాసభ టంపా నగరంలో జరిగింది. అక్కడ ఒక రోజు కార్యక్రమానికి పెట్టిన నినాదాన్ని తెలుగులోకి తెస్తే ఇలా ఉంటుంది: "మేమే కట్టాం". లేదా "మనమే కట్టాం". ఇందులో ఏది సరి? ఇక్కడే తెలుగు మనకు ఒక కళ్ళజోడు ఇస్తుంది.

"మేము", "మనము" తేడా మీరు రెండో ఏడాది నేర్చుకున్నారు. "మేము గుడికి వెళ్తున్నాం" అంటే వింటున్న నువ్వు రావటం లేదని అర్థం. "మనం గుడికి వెళ్తున్నాం" అంటే నువ్వూ చెప్పులు వేసుకో అని అర్థం. ఇంగ్లీషులో రెండిటికీ ఒకే మాట. అందుకే ఇంగ్లీషులో ప్రసంగం చేసే నాయకుడు ఆ మాట అన్నప్పుడు వింటున్న ప్రతివాడూ అందులో తానూ ఉన్నానని అనుకోవచ్చు. లేదా తనకు నచ్చనివాడు అందులో లేడని కూడా అనుకోవచ్చు. నాయకుడికి రెండు విధాలా లాభమే. ఆ ప్రసంగాన్ని తెలుగులోకి మార్చేవాడికి ఆ వీలు లేదు. అతను ఏదో ఒకటి ఎంచుకోవాలి. టంపాలోని నినాదం నాకు "మేమే కట్టుకున్నాం" అని వినిపిస్తుంది. రోనోక్‌లో ఒబామా "మనమందరం కలిసి కట్టాం" అని చెప్పాలనుకున్నాడు. కానీ నోటి నుంచి "మీరు కట్టలేదు" అని వచ్చింది. మనం అని చెప్పబోయి మీరు అంటే ఎంత నష్టమో చూడండి.

ఇక రెండో "కట్టు". ఇది పన్నుది. ఒక చిన్న హెచ్చరిక: "పన్ను" అంటే నోట్లో ఉండే పన్ను, ప్రభుత్వానికి కట్టే పన్ను కూడా. ఏదైనా సరే, పీకేటప్పుడు నొప్పి తప్పదు.

2012 మే నెలలో ఫ్లోరిడాలో బోకా రాటన్ అనే చోట ఒక ధనవంతుడి ఇంట్లో రోమ్నీ కోసం చందాల విందు జరిగింది. ఒక్కో భోజనానికి 50,000 డాలర్లు. పత్రికల వారు లోపల లేరు. అక్కడ ఒకరు ప్రశ్న అడిగారు. రోమ్నీ జవాబు చెబుతూ, దేశంలో 47 శాతం మంది ఏం జరిగినా ఒబామాకే ఓటు వేస్తారన్నాడు. వాళ్ళు ప్రభుత్వం మీద ఆధారపడి బతికేవారు, తమను తాము బాధితులు అనుకునేవారు, ఆదాయపు పన్ను కట్టనివారు అన్నాడు. వాళ్ళ గురించి ఆలోచించడం తన పని కాదన్నాడు. ఓట్ల గురించే ఆ మాట అన్నాడని ఆయన వైపు వారు తర్వాత చెప్పారు.

సెప్టెంబరు 17న ఆ మాటలున్న వీడియోను మదర్ జోన్స్ అనే పత్రిక బయటపెట్టింది. న్యూయార్కు పార్కులో జనం కూర్చున్న రోజుకు సరిగ్గా ఏడాది.

ఇప్పుడు లెక్క చూద్దాం. నేను లెక్కల టీచర్ని కాను, కానీ ఈ లెక్క కష్టం కాదు. 2011 సంవత్సరానికి టాక్స్ పాలసీ సెంటర్ వేసిన అంచనా ప్రకారం, అమెరికాలో 100 కుటుంబాల్లో సుమారు 46 కుటుంబాలకు కేంద్ర ఆదాయపు పన్ను లేదు. కాబట్టి రోమ్నీ చెప్పిన అంకె గాలిలోంచి వచ్చింది కాదు. అయితే ఆ 46లో 28 కుటుంబాలు పని చేస్తున్నాయి. వాళ్ళ జీతంలోంచి ముసలితనపు పింఛనుకూ వైద్యానికీ వేరే పన్ను ప్రతినెలా కోసుకుంటున్నారు. మిగిలిన 18లో 10 కుటుంబాలు వృద్ధులవి. ఇంకో 7 కుటుంబాలు ఏడాదికి 20,000 డాలర్లు కూడా రానివి. ఇంతమందికి ఆదాయపు పన్ను లేకుండా చేసింది ఒక్క పార్టీ కాదు. తక్కువ జీతం వారికి పన్ను తగ్గించే పథకం 1975లో రిపబ్లికన్ అధ్యక్షుడు ఫోర్డ్ కాలంలో వచ్చింది. 1986లో రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ దాన్ని పెంచాడు.

అంటే, "వాళ్ళు కట్టరు" అన్న వాక్యంలో మా మాస్టారు అడిగిన ప్రశ్న అడగాలి. ఏమి కట్టరు? ఆదాయపు పన్ను కట్టరు, అది నిజం. పన్నే కట్టరు అంటే అబద్ధం.

ఆ సెప్టెంబరులోనే రోమ్నీ తన పన్ను కాగితాలు బయటపెట్టాడు. 2011లో ఆయన ఆదాయం సుమారు 1 కోటీ 37 లక్షల డాలర్లు. కట్టిన పన్ను అందులో సుమారు 14 శాతం. చట్టం ప్రకారమే కట్టాడు, తప్పు చేయలేదు. పెట్టుబడుల మీద వచ్చే ఆదాయానికి అక్కడ పన్ను రేటు తక్కువ. కానీ నెల జీతం మీద బతికే మనిషి ఆ అంకె విని ఏమనుకుంటాడో చెప్పనక్కర్లేదు.

ఆ వీడియో ఎవరు తీశారో తెలుసా? ఆ విందులో గ్లాసుల్లో పానీయాలు పోసే పనివాడు. తన కెమెరాను అక్కడి బల్ల మీద పెట్టాడు. మాట్లాడేవారికి అతను కనిపించాడు, కానీ అతనికి చెవులు ఉన్నాయని ఎవరూ అనుకోలేదు. ఈ సంగతిని గుర్తు పెట్టుకోండి. కాసేపట్లో మళ్ళీ వస్తాను.

ఒక పార్టీని మాత్రమే తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. 2008 ఏప్రిల్‌లో ఒబామా శాన్ ఫ్రాన్సిస్కోలో చందాలిచ్చేవారి మధ్య మాట్లాడుతూ, ఉద్యోగాలు పోయిన చిన్న ఊళ్ళవారు మనసు చేదెక్కి తుపాకులనూ మతాన్నీ పట్టుకు వేలాడుతున్నారనే అర్థంలో అన్నాడు. 2016 సెప్టెంబరులో హిల్లరీ క్లింటన్ న్యూయార్కులో చందాల సభలో ట్రంప్ వైపు ఉన్నవారిలో సగం మందిని నీచులనే అర్థం వచ్చే మాటతో ఒక బుట్టలో వేసింది. మర్నాడు "సగం" అన్నందుకు విచారం చెప్పింది. అప్పటికే ట్రంప్ మనుషులు ఆ మాటను చొక్కాల మీద అచ్చు వేయించుకోవడానికి సిద్ధమయ్యారు.

మూడు సంఘటనలు, మూడు ఊళ్ళు, రెండు పార్టీలు. కానీ గది ఒక్కటే. డబ్బున్నవాళ్ళు కూర్చున్న గది. అక్కడ లేనివాళ్ళ గురించి మాట. బయట సభల్లో అందరూ "మనం" అంటారు. తలుపులు వేశాక "వాళ్ళు" అంటారు. మధ్యతరగతి గురించి అంతమంది అన్నిసార్లు ఎందుకు మాట్లాడతారో ఆ అమ్మాయికి ఇక్కడ జవాబు దొరికింది. పెద్ద ఇంటివాడూ, చిన్న ఇంటివాడూ తాము మధ్యలోనే ఉన్నామని అనుకోవడానికి ఇష్టపడతారు. ఆ మాట విని ఎవరూ నొచ్చుకోరు. అది నాయకుడికి దొరికిన పెద్ద చాప. ఎంతమందినైనా కూర్చోబెట్టవచ్చు.

ఇదంతా అమెరికా కథ, మనకెందుకు అంటారా? మన కథలో కూడా ఒక పన్ను ఉంది.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్‌కు వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఓడలు. మన ముత్తాతలూ ముత్తవ్వలూ అయిదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేసి చెరకు తోటలకు వచ్చారు. మగవారికి మొదటి ఏడాది కూలి నెలకు 10 షిల్లింగులు. మన భాషలో "కూలి" అంటే చేసిన పనికి వచ్చే డబ్బు, గౌరవమైన మాట. ఈ దేశంలో దాన్ని తిట్టుగా మార్చి మన మీద విసిరారు. తోటల్లో పనికి మనవాళ్ళు కావాలి, ఒప్పందం ముగిశాక మాత్రం ఇక్కడ ఉండకూడదు. అందుకే 1895లో నటాల్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఒప్పందం అయిపోయినా ఇక్కడే స్వేచ్ఛగా బతకాలనుకునేవారు ఏడాదికి 3 పౌండ్ల పన్ను కట్టాలి. పౌనుకు 20 షిల్లింగులు. లెక్క వేయండి. మొదటి ఏడాది కూలి ప్రకారం అది ఆరు నెలల కూలి. తర్వాత ఆ పన్ను పిల్లల మీద కూడా వేశారు. 1896లో ఇంకో చట్టంతో భారతీయులు కొత్తగా ఓటర్లుగా చేరే దారి మూసేశారు.

పన్ను కట్టని వాళ్ళ ఓటు గురించి బోకా రాటన్‌లో మాట్లాడారు. మనవాళ్ళ చేత పన్ను కట్టించుకుని, ఓటు వద్దన్నారు. 1913లో న్యూకాజిల్ బొగ్గు గనుల్లో పని ఆగింది. ఆ సమ్మె సముద్రం పక్కనున్న చెరకు తోటల దాకా పాకింది. 1914లో ఆ పన్ను పోయింది.

కాబట్టి "వాళ్ళు కట్టరు, వాళ్ళు తింటారు" అనే మాట వినగానే మనలాంటివారి ఒళ్ళు మండాలి. నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ ఆ మాట నేనే అన్నాను. అది చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే మీకు పాఠం చెప్పే అర్హత నాకు లేదు.

ఆరేడేళ్ళ కిందట మా గుడి హాలు పైకప్పు బాగు చేయించడానికి చందాల భోజనం పెట్టాం. టికెట్టు కొన్నవాళ్ళం ముందు హాల్లో కూర్చున్నాం. వండినవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు వెనక వంటింట్లో ఉన్నారు. మా బల్ల దగ్గర మాట పండగ భోజనాల మీదికి వెళ్ళింది. కొందరు ఎప్పుడూ చందా ఇవ్వరు, ప్రసాదం రోజున మాత్రం డబ్బాలు పట్టుకుని వస్తారు, ప్రభుత్వం గ్రాంటు మీద బతుకుతారు అని ఎవరో ఇంగ్లీషులో అన్నారు. ఎవరికీ అర్థం కాకుండా ఉండాలని, నా తెలుగు చూపించుకోవాలని కూడా, నేను తెలుగులో అన్నాను: "మేము కడతాం, వాళ్ళు తింటారు." వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు. మా బల్ల దగ్గర ఒకరిద్దరు నవ్వారు.

పళ్ళేలు తీస్తున్న పెద్దమ్మ ఆగింది. డెబ్బై అయిదేళ్ళు ఉంటాయి. ఆమె ఏ గుడి బడికీ వెళ్ళలేదు. ఆమె తెలుగు తోటల మీద ఆమె అమ్మ మాట్లాడిన తెలుగు. నా వైపు చూసి మెల్లగా అంది: "మేమూ కట్టినాం, టీచరమ్మా. ఈ గోడకు మా అమ్మ ఇటుకలు మోసింది. నేను నీళ్ళు మోసినాను." తర్వాత నా పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది.

నా దగ్గర జవాబు లేదు. నేను చందా గురించి "కట్టు" అన్నాను. ఆమె గోడ గురించి "కట్టు" అంది. ఒకే మాట, రెండూ నిజం. నా "మేము"లో ఆమె లేదు. నేను పుట్టకముందే నిలబడిన గోడ పక్కన కూర్చుని నేను ఆ మాట అన్నాను. ఇంటికి వెళ్ళాక ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. ఆమె కొనే సబ్బు మీద, టీ పొడి మీద నూటికి 15 చొప్పున వ్యాట్ ఆమె కూడా కడుతుంది, నేను కట్టినంతే.

తర్వాతి వారం ఆమె ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. ఆమె ఆ సంగతి పెద్దగా మాట్లాడలేదు. టీ ఇచ్చింది. వచ్చేటప్పుడు మాత్రం, "మా మనవడికి అక్షరాలు నేర్చుకోవాలని ఉంది. ఫీజు కట్టాలి కదా అని పంపలేదు" అంది. ఇది మూడో "కట్టు".

ఆ ఫీజు విషయం కమిటీ ముందు పెట్టాను. సులభంగా జరగలేదు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు ఎందుకు కట్టాలని అడిగారు. అది చెడ్డవాళ్ళు అడిగే ప్రశ్న కాదు. మా నాన్నగారు కూడా అడిగి ఉండేవారు. కరెంటు బిల్లు ఎవరో కట్టాలి కదా. మూడు సమావేశాల తర్వాత ఒక ఒప్పందానికి వచ్చాం. తలుపు దగ్గర ఒక పెట్టె ఉంటుంది. పేరు రాయని కవరులో ఎవరు ఇవ్వగలిగింది వారు వేస్తారు. ఎవరు ఎంత వేశారో టీచరుకు తెలియదు. కొన్ని నెలలు డబ్బు తక్కువ వస్తుంది. అప్పుడు మళ్ళీ వాదించుకుంటాం. ఆ మనవడు ఇప్పుడు ఒత్తులు నాకంటే అందంగా రాస్తాడు.

2012 నవంబరులో ఒబామా గెలిచాడు. ఎలక్టోరల్ ఓట్లు 332, రోమ్నీకి 206. జనం ఓట్లలో రోమ్నీకి వచ్చింది 47 శాతం. నేను ఈ అంకె క్లాసులో చెప్పినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కొట్టవద్దన్నాను. ఎన్నికలకు ముందే రోమ్నీ తాను అన్నది పూర్తిగా తప్పని టీవీలో ఒప్పుకున్నాడు. అలా ఒప్పుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. నాది చిన్న గుడి, చిన్న బల్ల. అయినా ఆమె గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి తిరిగి వచ్చాను.

ఏ దేశంలో ఎన్నికలు వచ్చినా, ఏ నాయకుడు మాట్లాడినా, మీరు తెలుగులో వినండి. ఇంగ్లీషులో విన్నా మనసులో తెలుగు చేయండి. ఆయన చెప్పేది మేమా, మనమా? "కట్టాం" అంటే ఏమి కట్టారు? "వాళ్ళు" అంటే ఎవరు, వాళ్ళు ఆ గదిలో ఉన్నారా? ఈ మూడు ప్రశ్నలకు ఓటు వేసే వయసు అక్కర్లేదు. అక్షరాలు వస్తే చాలు.

ఇంటిపని: మీ ఊళ్ళో గుడి గానీ, బడి గానీ, హాలు గానీ ఎవరు కట్టారో ఇంట్లో పెద్దవారిని అడగండి. పలకరాయి మీద పేర్లు ఉన్నవారిని మాత్రమే కాదు, ఇటుకలు మోసినవారిని, నీళ్ళు మోసినవారిని, వంట చేసి పెట్టినవారిని కూడా అడిగి తెలుసుకోండి. అయిదు వాక్యాలు రాసి పంపండి. "కట్టు" మూడు అర్థాల్లో రావాలి. కనీసం ఒక వాక్యంలో "మనం" ఉండాలి. తప్పులు ఉన్నా ఫరవాలేదు. ఎర్ర సిరా సిద్ధంగా ఉంది.

మళ్ళీ వచ్చే నెల కలుద్దాం. మనం.